అడుగులో అవధానం

అష్టావధానం చూడని తెలుగువారు ఉండవచ్చును గాని, దానిని గురించి వినని వారు ఉండరు. సభ మధ్యలో అవధాని కూర్చుంటాడు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు దత్తపది ఇస్తారు. మరొకరు అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతూ నిషిద్ధాక్షరి నడుపుతారు. వెనుక ఎక్కడో ఒకరు గంట కొడుతుంటారు. మొత్తం ఎన్ని గంటలు మ్రోగినవో అవధాని చివరకు చెప్పవలె. ఇవన్నీ ఒక ఎత్తు, అప్రస్తుత ప్రసంగం ఒక్కటీ ఒక ఎత్తు. పద్యపాదం పెదవుల మీదికి వస్తున్న క్షణాన పృచ్ఛకుడు, "అవధానిగారూ, మీ ఊళ్ళో వంకాయలు ఏమి ధర పలుకుతున్నవి?" అని అడుగుతాడు. జవాబు చెప్పవలె. పద్యం చెదరరాదు.

బందరులో ఉపాధ్యాయులుగా ఉండిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు, వారి జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు ఈ విద్యకు ఊరూరా పేరు తెచ్చినారు. కనుక కృష్ణా తీరం వారికి దీనిని గురించి నేను వేరే చెప్పనక్కర లేదు. నేను ఈ పూట మాట్లాడదలచినది కవులను గురించి కాదు, ముసలితనంలో నడకను గురించి. డెబ్బది ఏళ్ళు దాటిన మనిషి వసారాలో నుండి పెరటిలోకి నడిచి వెళ్ళడం కూడా ఒక అవధానమే. ఆ అవధానంలో అప్రస్తుత ప్రసంగం చేసి ఒకరిని క్రింద పడవేసిన పృచ్ఛకుడను నేను. ఆ సంగతి ముందుగా ఒప్పుకొని తరువాత విషయానికి వస్తాను.

మా ఇల్లు నందిగామలో ఉన్నది. నందిగామ, జగ్గయ్యపేట 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి గాని, మా నోటికి ఇంకా కృష్ణా జిల్లా మెట్ట అనే మాటే వస్తుంది. ఒక సాయంకాలం మా అమ్మ చెంబుతో నీళ్ళు తీసుకొని తులసికోట దగ్గరకు పోతున్నది. అప్పటికి ఆమెకు డెబ్బదిమూడేళ్ళు. వంటింటికీ పెరటికీ మధ్య జానెడు ఎత్తు గడప ఉన్నది. నలభై ఏళ్ళుగా ఆమె రోజుకు పదిసార్లు దాటుతున్న గడప అది. ఆమె ఒక కాలు ఎత్తిన సమయానికి నేను ముందు గదిలో నుండి కేక వేసినాను: "అమ్మా, బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టావే?" ఆమె "ఉండరా" అన్నది. అంతే. చెంబు పడిన చప్పుడు, ఆ వెంటనే మనిషి పడిన చప్పుడు. తుంటి ఎముక విరిగినది. శస్త్రచికిత్స జరిగినది. ఆరు నెలలు గడిచిన తరువాత గాని ఆమె తోడు లేకుండా తులసికోట వరకు పోలేకపోయింది.

నేను వడ్రంగిని పిలిచి గడప కోయించినాను. నా కోపమంతా దాని మీదనే. అమ్మ మంచం మీద నుండి అదంతా చూస్తూ, "గడపదేం తప్పురా? నువ్వు తాళంచెవి అడిగావు. ఎక్కడ పెట్టానా అని ఆలోచిస్తున్నాను. కాలి సంగతి మరచిపోయాను," అన్నది. నవ్వుతూనే అన్నది. నాకు మాత్రం ఆ మాట చాలా కాలం ముల్లువలె గుచ్చుకొన్నది. తరువాత ఈ విషయాన్ని గురించి వైద్యులు వ్రాసినవి చదువుతుంటే, ఆమె చెప్పినది అక్షరాలా నిజమని తెలిసినది.

మనిషి రెండు కాళ్ళ మీద నిలబడడం చూడడానికి తేలిక. చేసేవారికి మాత్రం అది క్షణక్షణమూ పని. ముగ్గురు వేగులవాళ్ళు మెదడుకు ఎడతెగకుండా వార్తలు పంపుతుంటారు. ఒకటి కన్ను. రెండవది లోపలి చెవి. అందులో అర్ధచంద్రాకారపు సన్నని నాళాలు మూడు ఉన్నవి, వాటిలోని ద్రవం తల ఏ ప్రక్కకు తిరిగినదో తెలుపుతుంది. మూడవది అరికాలి చర్మం, కండరాలు, కీళ్ళు. నేల మెత్తగా ఉన్నదా, వాలుగా ఉన్నదా, మోకాలు ఎంత వంగినది అనే సంగతులు ఇవి చెప్పుతవి. మెదడు ఈ మూడు వార్తలను కలిపి చూచి, ఏ కండరం ఎంత బిగియవలెనో ఆజ్ఞ ఇస్తుంది. పడుచుతనంలో ఈ వ్యవహారమంతా మనకు తెలియకుండానే జరిగిపోతుంది. తలపై కడవ పెట్టుకొని, చంకలో బిడ్డను ఎత్తుకొని, ప్రక్క మనిషితో కబుర్లు చెప్పుకొంటూ మునేరు ఇసుకలో నడిచి వచ్చిన ఆడవారిని నా చిన్నతనంలో నేను ఎరుగుదును. అది ఎంతటి విద్యయో అప్పుడు తెలియలేదు.

వయస్సు మీద పడేకొద్దీ కంటిలో శుక్లం వస్తుంది. చెవి మందగిస్తుంది. మధుమేహం ఉన్నవారికి అరికాలి స్పర్శ తగ్గుతుంది. తొడ కండరాలు సన్నబడుతవి. వార్తలు ఆలస్యంగాను, అస్పష్టంగాను చేరుతుంటే, వెనుకటివలె అలవాటు మీద నడక సాగదు. మనస్సు స్వయంగా దిగివచ్చి ప్రతి అడుగునూ చూచుకోవలసి వస్తుంది. ఆ సమయంలో మనస్సును మరొక పనికి పిలిచినామా, అడుగు అనాథ అవుతుంది.

1997లో స్వీడన్ దేశపు ఉమెయో నగర పరిశోధకులు లాన్సెట్ అనే వైద్యపత్రికలో ఒక చిన్న పరిశీలనను ప్రకటించినారు. అందులో యంత్రం లేదు, మందు లేదు. వృద్ధుల వసతిగృహంలో ఉన్న 58 మందితో, ఒక్కొక్కరితో విడిగా, ప్రక్కన నడుస్తూ మాట కలిపినారు. జవాబు చెప్పడానికి 12 మంది నడక ఆపినారు. తక్కినవారు నడుస్తూనే జవాబు చెప్పినారు. తరువాత ఆరు నెలలు కనిపెట్టి చూడగా, ఆగిన ఆ 12 మందిలో 10 మంది ఎప్పుడో ఒకప్పుడు పడినారు. ఆగకుండా నడిచిన 46 మందిలో పడినవారు 11 మంది. మాటకోసం నడక ఆపడం తప్పు అని దీని అర్థం కాదు. ఆగడమే వివేకం. అయితే ఆగవలసి రావడం ఒక సూచన. మీ ఇంట్లో పెద్దవారు మీతో మాట్లాడవలసివచ్చినప్పుడల్లా నిలబడిపోతున్నారా? ఈ రోజే గమనించండి. నేను గమనించలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వలన ఏటా 6,84,000 మంది మరణిస్తున్నారు. ఎముక విరిగి మంచం పట్టినవారు, ఎముక విరగకపోయినా మరల పడుదుమేమో అనే భయంతో మంచం పట్టినవారు ఈ లెక్కలోకి రారు. ఆ భయం తక్కువ జబ్బు కాదు. భయపడి నడక మానుతారు, మానినకొద్దీ కాళ్ళు చచ్చుబడుతవి, చచ్చుబడిన కాళ్ళు మరల పడవేస్తవి.

మరి ఉపాయం ఏమిటి? నడవండి అంటారు, మంచిదే. మనస్సుకు పదును పెట్టండి అంటారు, అదీ మంచిదే. మా వైపు ఉదయం వేళ బడి ఆవరణలో ఈ రెండూ జరుగుతవి. కొందరు పెద్దలు చేతులు ఊపుకొంటూ మైదానం చుట్టూ తిరుగుతుంటారు. కొందరు అరుగు మీద కూర్చొని పత్రికలోని గళ్ళనుడికట్టు నింపుతుంటారు. తిరిగేవారు ఆలోచించరు, ఆలోచించేవారు తిరగరు. ఇంట్లో గడప దాటేటప్పుడు అవసరమయ్యేది ఈ రెండూ ఒక్కసారిగా చేయగల నేర్పు. కూర్చొని ఎన్ని గళ్ళు నింపినా కాలికి ఆ నేర్పు రాదు. దానిని కాళ్ళ మీద నిలబడే సాధించవలె.

మెట్టరైతులు కొందరు ఈ మాట ఒప్పుకోరు. "జీవితమంతా పత్తి తీసినాము, మిరపకాయలు కోసినాము, మాకు వేరే కసరత్తు ఎందుకు?" అంటారు. అరవై ఏళ్ళ వరకు వారికి అక్కర లేదని నేనూ ఒప్పుకొంటాను. ఆ తరువాత చేను కొడుకు చేతికి వచ్చి, తాము నవారుమంచం మీదికి వచ్చిన నాటి నుండి పాత పనితనం నిలువ సొమ్మువలె ఖర్చు అయిపోతుంది.

ఇక్కడ ఒక అనుభవం చెప్పుతాను. కొన్నేళ్ళ క్రితం జానపదగీతాలు ధ్వనిముద్రణ చేయడానికి జగ్గయ్యపేట దగ్గర ఒక పల్లెకు పోయినాము. కోలాటం గురువు డెబ్బది దాటిన వృద్ధుడు. మైకు ముందు తుంగచాప వేసి కూర్చోబెట్టి పాడమన్నాము. రెండు చరణాలు పాడి మూడవదానిలో తప్పిపోయినాడు. మరల మొదలుపెట్టినాడు, మరల తప్పిపోయినాడు. చివరకు విసుగు పుట్టి, "ఇట్లా కూర్చుంటే నాకు పాట రాదయ్యా, కోలలు ఇయ్యండి," అన్నాడు. లేచి నిలబడి, ఎదుట మనుమడిని నిలబెట్టుకొని, కోల తగిలించి అడుగు వేయగానే పాట మొత్తం ధారగా వచ్చినది. మా ఇంజనీరు మైకును ఆయన వెంట త్రిప్పలేక అవస్థ పడినాడు. ఆ రికార్డులో కోలల చప్పుడు ఎక్కువ, కంఠం తక్కువ. అయినా నాకు అదే ఇష్టం.

కోలాటంలో ఏమి జరుగుతున్నదో నిదానించి చూడండి. ఒక కాలి మీద నుండి మరొక కాలి మీదికి బరువు మారుతుంటుంది. నడుము వంగుతుంది, శరీరం వెనుకకు తిరుగుతుంది. చేతికోల ఎదుటివాని కోలకు తాళం తప్పకుండా తగలవలె. నాలుగు దెబ్బలకు జతగాడు మారిపోతాడు. లోపలి వరుసవాడు వెలుపలికి, వెలుపలివాడు లోపలికి వస్తాడు. నోట పాట నడుస్తుంటుంది. గురువు కోపు మార్చమని కేక వేయగానే అడుగు మార్చవలె. జడకోలాటంలో అయితే పైనుండి వ్రేలాడే త్రాళ్ళను జడగా అల్లి, అదే దారిన మరల విప్పవలె. కాలు, చేయి, చెవి, జ్ఞాపకం ఒకేసారి పని చేస్తున్నవి. మన పెద్దలు వృద్ధుల ఆరోగ్యం కోసం దీనిని కల్పించినారని నేను అనను. అటువంటి గొప్పలు చెప్పుకోవడం నాకు సమ్మతం కాదు. వారు పండుగ కోసం, దేవుని కోసం, సంతోషం కోసం ఆడినారు. ప్రయోజనం దాని వెంట తానై వచ్చినది.

ఇటువంటి ఆటనే పరీక్షించి చూచినవారు ఉన్నారు. స్విట్జర్లాండు దేశంలో ఎమిల్ జాక్ దాల్క్రోజ్ అనే సంగీతజ్ఞుడు ఉండేవాడు. 1865లో పుట్టి 1950లో గతించినాడు. పియానో స్వరానికి అనుగుణంగా నడవడం, లయ మారగానే అడుగు మార్చడం అనే శిక్షణను ఆయన సంగీత విద్యార్థుల కోసం ఏర్పరచినాడు. ఆయన పోయిన చాలా కాలానికి జెనీవా వైద్యులు దానిని వృద్ధులకు నేర్పించినారు. అరవైయైదేళ్ళు దాటిన 134 మందిని తీసుకొన్నారు. వారానికి ఒక గంట, ఆరు నెలలు శిక్షణ. 2011లో ప్రకటించిన ఫలితం ప్రకారం, నేర్చుకొన్నవారిలో పడిపోవడం నేర్వనివారిలో కంటె దాదాపు సగానికి తగ్గినది. నడుస్తూ మరొక పని చేసేటప్పుడు వారి అడుగు నిలకడ కూడా మెరుగైనది.

అమెరికాలోని ఓరెగాన్ పరిశోధకులు చీనా దేశపు తాయ్‌చీ అనే నిదానపు వ్యాయామాన్ని ఎంచుకొన్నారు. 2018లో వారు ప్రకటించిన పరిశీలనలో డెబ్బది ఏళ్ళు దాటిన 670 మంది ఉన్నారు. కేవలం ఒళ్ళు సాగదీసే వ్యాయామం చేసినవారితో పోల్చితే తాయ్‌చీ చేసినవారు 58 శాతం తక్కువ సార్లు పడినారు. 2023లో వారే మరొక అడుగు ముందుకు వేసినారు. జ్ఞాపకశక్తి కొద్దిగా సన్నగిల్లిన 318 మందిలో కొందరికి తాయ్‌చీ కదలికలతో పాటు మనస్సుకు కూడా పని కల్పించినారు. వారిలో జ్ఞాపకశక్తి పరీక్షలోను, ఆలోచిస్తూ నడిచే పరీక్షలోను, ఉట్టి తాయ్‌చీ చేసినవారిలో కంటె ఎక్కువ మెరుగు కనిపించినది. ఈ పాఠాలు వారి వారి ఇళ్ళకే తెర మీద అందించినారట. దూరం నుండి మాటతో పని చేయించే వృత్తిలో ఉన్న నాకు అది విని కొంత ఉత్సాహం కలిగినది.

ఇక ఇంట్లో చేయదగినది చెప్పుతాను. మొదట శరీరం, తరువాత మనస్సు; ఈ వరుస తప్పరాదు. గోడ ప్రక్కన, బరువైన కుర్చీ వెనుక భాగం పట్టుకొని, పాదాలు జతగా ఉంచి నిలబడవలె. అది కుదిరితే ఒక పాదం కొంచెం ముందుకు జరపవలె. ఆపైన ఒక పాదపు మడమ మరొక పాదపు బొటనవ్రేలికి తగిలేటట్లు ఒకే గీత మీద నిలబడవలె. ఈ మూడవ భంగిమలో పట్టు లేకుండా పది సెకన్లు నిలువలేనివారికి పడే ప్రమాదం ఎక్కువని వైద్యులు అంటారు. చివరిది ఒంటికాలి మీద నిలుచుట. దానికి తొందర లేదు. చేయి మొదట గట్టిగా పట్టి, తరువాత వ్రేళ్ళు మాత్రమే ఆనించి, తరువాత గాలిలో ఉంచవలె. దీనితో పాటు కుర్చీలో నుండి చేతులు ఊనకుండా లేచి కూర్చోవడం కాళ్ళకు బలం. వారానికి కనీసం మూడు రోజులు నిలకడకు, బలానికి సంబంధించిన వ్యాయామం చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది.

ఇవి తడబాటు లేకుండా వచ్చిన తరువాత మనస్సుకు పని ఇవ్వవలె. చాలామంది ఇక్కడ పొరపాటు పడుతారు. నడుస్తూ విష్ణుసహస్రనామం చదువుతున్నాము గదా అంటారు. భక్తికి అది చాలును. మనస్సుకు మాత్రం అది పని కాదు. కంఠస్థమైనది నాలుకే చూచుకొంటుంది. ఎక్కాలు కూడా అంతే. అలవాటు లేనిది, వెదకి తీయవలసినది కావలె. నూరులో నుండి మూడు చొప్పున తీసివేస్తూ పోవచ్చును. తెలుగు సంవత్సరాల పేర్లు చివరి నుండి చెప్పవచ్చును. అక్షయ, క్రోధన, రక్తాక్షి, రుధిరోద్గారి అని మొదలుపెట్టి చూడండి, ఎంత దూరం పోగలరో. ఇంట్లో పిల్లలుంటే ఇంకా మంచిది. మనుమరాలు కూరగాయల పేర్లు చెప్పుతుంది. చెట్టుకో తీగకో కాసేదైతే కుడి ప్రక్కకు అడుగు, నేలలో ఊరేదైతే ఎడమ ప్రక్కకు అడుగు. బెండకాయ, కుడి. చేమగడ్డ, ఎడమ. వేరుసెనగ అన్నప్పుడు మా ఇంట్లో పెద్ద తగాదా వచ్చినది.

ఒక్క నియమం మాత్రం ఉన్నది. లెక్క తప్పినా సరే, అడుగు తప్పరాదు. రెండూ కుదరనప్పుడు ముందు కాలు నిలుపుకొని, తరువాత జవాబు చెప్పవలె. ఇదే అసలు శిక్షణ. ప్రక్కన ఒక మనిషి తప్పక ఉండవలె. నేల తడిగా ఉండరాదు. తల తిరిగేవారు, సొమ్మసిల్లేవారు, ఇటీవల ఎముక విరిగినవారు, పక్షవాతం సోకినవారు వైద్యుని అడిగిన తరువాత గాని ఇందులో దిగరాదు. రక్తపుపోటుకు, నిద్రకు వాడే మాత్రల వలన కూడా కొందరికి లేవగానే తూలు వస్తుంది. అటువంటప్పుడు మాత్రలు తామే మానక, వైద్యునికి చెప్పవలె. కళ్ళజోడు పాతబడి ఉంటే మార్చవలె. రాత్రిపూట పెరటి దారిలో దీపం ఉండవలె. ఇవి లేకుండా ఎన్ని కసరత్తులు చేసినా ప్రయోజనం కొంచెమే.

మా అమ్మకు సంవత్సరాల పేర్లు రుచించలేదు. ఆమె తనకు తానే ఒక పాఠం కల్పించుకొన్నది. ఆమె పుట్టిల్లు జగ్గయ్యపేట. విజయవాడ నుండి జగ్గయ్యపేటకు బస్సు దారిలో తగిలే ఊళ్ళ పేర్లు ఆమెకు కంఠస్థం: గొల్లపూడి, ఇబ్రహీంపట్నం, పరిటాల, కంచికచర్ల, కీసర, నందిగామ, చిల్లకల్లు, ఆపైన పుట్టిల్లు. వాటిని తిరుగు బస్సులో వస్తున్నట్లు వెనుక నుండి చెప్పుకొంటూ, వసారాలో గోడ ప్రక్కగా నడుస్తుంది. మా చెల్లెలు ఒక చేతి దూరంలో వెంట నడుస్తుంది. మొదటి వారంలో చిల్లకల్లు దగ్గరే కాళ్ళు ఆగిపోయేవి. పేరు గుర్తు వచ్చిన తరువాత గాని అడుగు కదిలేది కాదు. నెల తిరిగేసరికి కీసర వంతెన దాటింది. ఇప్పుడు చేత నీళ్ళ గ్లాసు కూడా పట్టుకొంటున్నది.

గడప దగ్గర ఉన్నప్పుడు ఆమెను ఎవరూ పిలవరాదని ఇంట్లో నేను ఒక కట్టుబాటు చేసినాను. ఆమె దానిని ఒప్పుకోలేదు. "పిలవండిరా, నేను నిలబడే పలుకుతాను," అంటున్నది. మొన్న ఒకనాడు ఆమె వసారాలో నడుస్తుండగా, నేను కుర్చీలో నుండి భయం భయంగానే, "అమ్మా, తాళంచెవి ఎక్కడున్నది?" అన్నాను. ఆమె గోడకు చేయి ఆనించి, రెండు పాదాలు కుదురుగా ఉంచుకొని, "నీ జేబులోనే ఉన్నదిరా," అని, కంచికచర్ల నుండి మరల నడక సాగించింది. ఇప్పటికీ పరిటాల పేరు తప్పిపోతుంటుంది. కాళ్ళు మాత్రం ఆగడం లేదు.